పరదేశంలో ఒక్క సెమిస్టర్: కుదురుకునే భారం ఎవరిది?

1958లో సోఫియా కొరాడి అనే ఇటలీ యువతి న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువు ముగించుకుని రోమ్‌కు తిరిగొచ్చారు. ఫుల్‌బ్రైట్ ఉపకార వేతనంతో వెళ్లి తులనాత్మక న్యాయశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పుచ్చుకున్న ఆమెకు సొంత విశ్వవిద్యాలయంలో అవమానం ఎదురైంది. అమెరికాలో చదివింది తమ లెక్కలోకి రాదని అక్కడివారు తేల్చిచెప్పారు. ఒక దేశంలో చదివిన చదువును మరో దేశం గుర్తించి తీరాలంటూ ఆమె ఏళ్ల తరబడి అధికారుల చుట్టూ తిరిగారు, నివేదికలు రాశారు, వాదించారు. ఆ కృషి ఫలించి 1987లో ఐరోపాలో ఎరాస్మస్ పథకం మొదలైంది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు దాని ద్వారా పొరుగు దేశాలకు వెళ్లారు. నేటికి ఈ పథకంతో లబ్ధి పొందినవారి సంఖ్య కోటిన్నర దాటింది. ‘ఎరాస్మస్ అమ్మ’గా పేరుపడ్డ కొరాడి 2025 అక్టోబరులో 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

విద్యార్థి పరాయి దేశంలో కుదురుకోవడం అతడి తెలివితేటలకో, గుండె నిబ్బరానికో వదిలేయాల్సిన సంగతి కాదని కొరాడి జీవితం చెబుతోంది. పంపే విశ్వవిద్యాలయం, చేర్చుకునే విశ్వవిద్యాలయం కలిసి మోయాల్సిన బాధ్యత అది. మన కళాశాలల్లో చాలాచోట్ల విదేశీ వర్సిటీతో ఒప్పందం కుదిరిన రోజున ఫొటోలు దిగడంతోనే ఆ బాధ్యత తీరిపోయినట్లు భావిస్తున్నారు. ఆ తరువాతి అగచాట్లన్నీ ఇరవై ఏళ్ల పిల్లల నెత్తిన పడుతున్నాయి.

డిగ్రీ వేరు... ఎక్స్ఛేంజ్ వేరు

విదేశీ చదువు అనగానే మనకు గుర్తొచ్చేది పూర్తికాలపు ఎంఎస్. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులున్నారు. అదే ఏడాది శీతకాల సెమిస్టర్‌లో జర్మనీ వర్సిటీల్లో మనవాళ్లు 49,483 మంది. అక్కడి విదేశీ విద్యార్థుల్లో అతి పెద్ద బృందం భారతీయులదే. వీరిలో అత్యధికులు అక్కడే పట్టా తీసుకుని, వీలైతే అక్కడే ఉద్యోగం చూసుకోవాలని వెళ్లినవారు. ఎక్స్ఛేంజ్ విద్యార్థి దారి వేరు. అతడు ఇక్కడి కళాశాల విద్యార్థిగానే ఉంటాడు. పరస్పర ఒప్పందం ఉన్నచోట ఫీజు ఇక్కడే కడతాడు. ఒకటి లేదా రెండు సెమిస్టర్లు అక్కడ చదివి, సంపాదించిన క్రెడిట్లతో తిరిగొస్తాడు. జర్మనీలోని బాడెన్-వ్యూర్టెంబెర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల నుంచి 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోల ఫీజు వసూలు చేస్తున్నా, ఒప్పందాల కింద వచ్చే ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు అందులోంచి మినహాయింపు ఇచ్చింది.

ఫీజు కలిసొచ్చినా కాలం కలిసిరాదు. రెండేళ్ల కోర్సుకు వెళ్లినవారు మొదటి నెలన్నర తడబడినా తరువాత పుంజుకోవచ్చు. నాలుగైదు నెలల కోసం వెళ్లినవారికి ఆ నెలన్నరే మూడో వంతు. అద్దె గది, రిజిస్ట్రేషన్, బీమా, బ్యాంకు ఖాతా అంటూ తిరగడంలోనే ఆ సమయం ఖర్చయిపోతే, వెళ్లిన పనికి మిగిలేది స్వల్పం. అందుకే పూర్తికాల విద్యార్థికి సరిపోయే ‘వెళ్లాక చూసుకుందాం’ అనే ధోరణి ఎక్స్ఛేంజ్ విద్యార్థి విషయంలో చెల్లదు.

తాళంచెవి దగ్గర మొదలు

జర్మనీలో మొదటి వారం ఎలా గడుస్తుందో చూస్తే ఈ మాట ఎంత నిజమో తెలుస్తుంది. విద్యార్థి వసతి గృహాలు సాధారణంగా ‘స్టూడీరెండెన్‌వెర్క్’ అనే సంస్థల చేతిలో ఉంటాయి. గది ముందే కేటాయించినా తాళంచెవి ఇచ్చేది ‘హౌస్‌మైస్టర్’ అనే భవన సంరక్షకుడు. ఆయన పని వేళలు పనిదినాల్లో కొద్ది గంటలు మాత్రమే. చౌకగా దొరికిందని శుక్రవారం రాత్రి దిగే విమానానికి టికెట్ కొన్నవారికి సోమవారం ఉదయం దాకా గది దొరకదు. ఆదివారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి. ఊరు కాని ఊరిలో, రెండు పెట్టెలతో, లాడ్జి ఖర్చుతో చదువు మొదలవుతుంది. ‘శనాదివారాల్లో దిగవద్దు’ అని ముందే ఒక్క మాట చెప్పేవారుంటే తప్పిపోయే కష్టమిది.

తాళంచెవి చేతికొచ్చాక కాగితాల గొలుసు మొదలవుతుంది. ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే ‘అన్‌మెల్డుంగ్’ అంటారు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. నమోదు లేకపోతే తరువాతి పనులు చాలావరకు ఆగిపోతాయి. ఆరోగ్య బీమా లేనిదే విశ్వవిద్యాలయంలో పేరు చేరదు. ప్రభుత్వ తరహా విద్యార్థి బీమాకు నెలకు 140 యూరోలకు పైనే అవుతుంది. వీసా కోసం చూపాల్సిన జీవనవ్యయం 2024 సెప్టెంబరు నుంచి నెలకు 992 యూరోలు. మన లెక్కలో దాదాపు లక్ష రూపాయలు. కొన్నాళ్లకు ఇంటికి నెలకు 18.36 యూరోల ప్రసార రుసుం కట్టమంటూ ఉత్తరం వస్తుంది. టీవీ లేదు కదా అని దాన్ని పక్కన పడేస్తే బకాయి పెరుగుతూ పోతుంది. ఒక ఫ్లాట్‌ను పంచుకునేవారంతా కలిసి ఒక్క రుసుం కడితే చాలు. ఈ సంగతి తెలియక నలుగురూ విడివిడిగా కట్టే ప్రమాదం ఉంది.

ఇల్లంటే గోడలే కాదు, పద్ధతులు కూడా. ఉమ్మడి వంటగదిలో ఫ్రిజ్‌లో తలా ఒక అర, గోడ మీద ఎవరు ఏ వారం శుభ్రం చేయాలో రాసిన పట్టిక ఉంటాయి. కాగితం, ప్లాస్టిక్ పొట్లాలు, వంట వ్యర్థాలు వేర్వేరు డబ్బాల్లోకి వెళ్లాలి. గాజు సీసాలను రంగుల వారీగా వీధి చివరి పెద్ద పెట్టెల్లో వేయాలి. చాలా రకాల ప్లాస్టిక్ సీసాలనూ, పానీయాల డబ్బాలనూ దుకాణంలోని యంత్రంలో వేస్తే ఒక్కోదానికి 25 సెంట్లు తిరిగొస్తాయి. రాత్రి పది దాటాక, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. తాలింపు ఘాటుకు పొగ అలారం మోగితే అంతస్తు అంతా బయటికి పరుగెత్తాల్సి రావచ్చు. ఇవేవీ గొప్ప విషయాలు కావు. కానీ తెలియక చేసిన చిన్న తప్పుకు పక్కగది విద్యార్థి ముఖం చిట్లించినప్పుడు, ఇరవై ఏళ్ల పిల్ల ‘నేనిక్కడ పనికిరానేమో’ అనుకునేది ఇలాంటి చోటే. వంటగదికి వెళ్లడం తగ్గించి, గది తలుపు వేసుకుని నూడుల్స్‌తో సరిపెట్టుకోవడం అక్కడే మొదలవుతుంది.

తరగతి గది మరో లోకం

చదువులో తేడా ఇంకా లోతైనది. టైంటేబుల్‌లో పది గంటలని రాసి పక్కన ‘సి.టి.’ అని ఉంటే తరగతి పదింపావుకు మొదలవుతుందని అర్థం. ‘ఎస్.టి.’ అంటే సరిగ్గా పదింటికి. పాఠం ముగిశాక విద్యార్థులు చప్పట్లకు బదులు పిడికిలితో బల్లల మీద తడతారు. ఇవి రెండు రోజుల్లో అలవాటైపోతాయి. అలవాటు కానిది స్వేచ్ఛ. మిడ్ పరీక్షలు, ఇంటర్నల్ మార్కులు, రోజూ హాజరు తీసుకునే లెక్చరర్ మధ్య చదివిన విద్యార్థిని చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ చివర ఒకే ఒక పరీక్ష పలకరిస్తుంది. అప్పటిదాకా అడిగేవారుండరు. చదవాల్సిన పుస్తకాల జాబితా మాత్రం మొదటి తరగతిలోనే చేతికొస్తుంది.

అసలు చిక్కు మరొకటి. చాలా వర్సిటీల్లో కోర్సులో పేరు చేర్చుకోవడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. పరీక్ష నమోదుకు ఆన్‌లైన్‌లో విడిగా గడువు ఉంటుంది. మన దగ్గర కళాశాల నోటీసు బోర్డు, ఆ తరువాత క్లాస్ వాట్సాప్ గ్రూపు గుర్తుచేస్తాయి. అక్కడ గుర్తుచేసేది ఒక ఈమెయిల్, అదీ చాలాసార్లు జర్మన్ భాషలో. గడువు దాటితే నాలుగు నెలలు క్రమం తప్పకుండా తరగతికి వెళ్లినా పరీక్ష రాయడానికి వీలుండదు. క్రెడిట్లు గల్లంతవుతాయి. తెలివైన విద్యార్థి సైతం చతికిలపడేది ఇక్కడే. ఆ వైఫల్యంలో చదువు లోపం ఏమీ లేదు, సమాచార లోపమే ఉంది.

మొదట్లోనే ముల్లు

పరాయి దేశంలో మనసు ఎలా కుదుటపడుతుందన్న దానిపై పరిశోధనలు చాలా జరిగాయి. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రె లీస్‌గార్డ్, అమెరికాకు ఫుల్‌బ్రైట్‌పై వెళ్లివచ్చిన 200 మంది తన దేశస్థులతో మాట్లాడి 1955లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మొదట ఉత్సాహం, మధ్యలో కుంగుబాటు, చివర్లో కోలుకోవడం అన్నది దాని సారాంశం. ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ‘మొదటి నెల హాయిగానే ఉంటుంది’ అని చెప్పే అలవాటుకు మూలం ఈ ఆలోచనే. 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లో చదువుతున్న జపాన్ విద్యార్థులను దిగిన తొలి గంటల నుంచి ఏడాది దాకా పరిశీలించి దానికి భిన్నమైన ఫలితం చూపింది. అత్యంత కష్టకాలం మధ్యలో రాలేదు, మొట్టమొదట్లోనే వచ్చింది. తెలిసినవారు ఎవరూ లేని వేళ, కొత్త పనులన్నీ ఒక్కసారిగా మీదపడే వేళ మనసు బరువెక్కుతుందనడంలో వింత లేదు. ఈ ఫలితం నుంచి మనం నేర్చుకోవాల్సింది స్పష్టం. అండ కావాల్సింది తొలి వారాల్లోనే. మూడో నెలలో ఇచ్చే కౌన్సెలింగ్ ఎక్స్ఛేంజ్ విద్యార్థికి ఆలస్యంగా అందిన సాయమే.

శీతకాల సెమిస్టర్ ఈ తొలినాళ్ల దిగులుకు మరింత బరువు జోడిస్తుంది. తరగతులు అక్టోబరు మధ్యలో మొదలయ్యేసరికి మన దసరా, దీపావళి ముసురుకుంటాయి. డిసెంబరులో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరగడంతో మనకూ వారికీ మధ్య తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నరకు పెరుగుతుంది. గుంటూరులో తల్లిదండ్రులు పడుకునే పది గంటల వేళకు అక్కడ సాయంత్రం అయిదున్నర. అంటే బిడ్డ తరగతి నుంచి గదికి చేరి మాట్లాడాలనుకునే సమయానికి ఇక్కడ ఇల్లు నిద్రకు ఉపక్రమిస్తుంది.

ఇలాంటప్పుడు అక్కడి తెలుగువారు పెద్ద ఆసరా. గది దొరికేదాకా హాల్లో చోటిచ్చేది, కార్యాలయానికి తోడొచ్చేది, ఆవకాయ జాడీ తెరిచేది వారే. ఆ మేలు మరువలేనిది. అయితే స్టీఫెన్ బాఖ్నర్, ఆయన సహచరులు హవాయిలో విదేశీ విద్యార్థుల స్నేహాలను పరిశీలించి 1977లో వెలువరించిన పరిశీలన ఒకటి గుర్తుంచుకోదగ్గది. స్వదేశీ మిత్రుల వల్ల మనసుకు ఊరట, స్థానిక మిత్రుల వల్ల చదువులో, భాషలో సాయం, ఇతర దేశాల విద్యార్థుల వల్ల కాలక్షేపం, కలుపుగోలుతనం లభిస్తాయని వారు తేల్చారు. మూడింటిలో ఏ ఒక్కటీ మిగతా రెండింటి లోటు తీర్చదు. సెమిస్టర్ అంతా తెలుగు ఫ్లాట్‌లోనే గడిపిన విద్యార్థికి ఊరట దక్కుతుంది గానీ, వెళ్లిన ఉద్దేశం సగమే నెరవేరుతుంది. ఐరోపాలో 1989లో పుట్టిన ఎరాస్మస్ స్టూడెంట్ నెట్‌వర్క్ చేస్తున్న పని ఆ లోటు తీర్చడమే. విద్యార్థులే విద్యార్థులకు తోడుగా నిలిచే ఈ సంస్థ కొత్తవారికి స్థానిక విద్యార్థిని జోడించి, కాగితాల పని నుంచి వారాంతపు విహారం దాకా కలుపుకొని పోతుంది.

తిరిగొచ్చాక లెక్క తేలేనా?

ఎక్స్ఛేంజ్ చదువుకు నిజమైన పరీక్ష తిరిగొచ్చాకే. ఎరాస్మస్‌లో విద్యార్థి బయల్దేరక ముందే ‘లెర్నింగ్ అగ్రిమెంట్’పై ముగ్గురు సంతకం చేస్తారు. విద్యార్థి, పంపే వర్సిటీ, చేర్చుకునే వర్సిటీ. ఏ సబ్జెక్టులు చదువుతారు, ఇక్కడ ఏ సబ్జెక్టులకు బదులుగా వాటిని లెక్కిస్తారు అన్నది అందులోనే ఉంటుంది. ఆ ప్రకారం ఉత్తీర్ణులైతే క్రెడిట్లు కాదనడానికి వీల్లేదు.

మన దగ్గర చట్టపరమైన దారి తెరుచుకుంది. విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. విదేశీ వర్సిటీలతో కలిసి నడిపే కోర్సులపై యూజీసీ 2022లో తెచ్చిన నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ పద్ధతిలో 30 శాతం దాకా క్రెడిట్లను విదేశంలో సంపాదించవచ్చు. కాగితం మీది వెసులుబాటు పరీక్షల విభాగం కిటికీ దాకా చేరాలి. ఐరోపా పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, మన జాతీయ క్రెడిట్ విధానంలో 40. జర్మనీలో 1.0 అత్యుత్తమ గ్రేడు, 4.0 అంటే కేవలం పాస్, 5.0 అంటే ఫెయిల్. పది పాయింట్ల సీజీపీఏకు అలవాటుపడిన గుమాస్తా ముందు 1.7 అని రాసిన మెమో పెడితే, అది మంచి మార్కేనని విద్యార్థే వాదించుకోవాల్సిన దుస్థితి రాకూడదు. మార్పిడి పట్టిక ముందే ఒప్పందంలో ఉండాలి.

క్యాలెండర్ మరో గుదిబండ. జర్మనీ శీతకాల సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి దాకా. తరగతులు ఫిబ్రవరిలో ముగుస్తాయి, పరీక్షలు కొన్ని మార్చిలోనూ జరుగుతాయి. వేసవి సెమిస్టర్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఇక్కడ జనవరిలో మొదలైన సెమిస్టర్ మార్చి వచ్చేసరికి సగం దాటిపోతుంది. అంటే ఒక్క సెమిస్టర్‌కు వెళ్లినవారు ఇక్కడ రెండు సెమిస్టర్లను కదిలించుకోవాలి. మన సాంకేతిక వర్సిటీల్లో 75 శాతం హాజరు నిబంధన ఉంది. విదేశంలో ఉన్న కాలాన్ని హాజరుగా లెక్కిస్తామని రాతపూర్వకంగా లేకపోతే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌పై ఆధారపడి చదివే విద్యార్థి అడుగు ముందుకు వేయలేడు. ప్రాంగణ నియామకాల కాలంలో ఇక్కడ లేకపోతే ఉద్యోగావకాశం చేజారుతుందన్న భయం దీనికి తోడు.

డబ్బు సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. నెలకు లక్ష చొప్పున అయిదు నెలలు భరించగల కుటుంబాలు ఎన్ని? తెలంగాణలో అంబేడ్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే పేర్లతో ఉన్న విదేశీ విద్యానిధి పథకాలు 20 లక్షల రూపాయల దాకా సాయం అందిస్తున్నాయి. అవి పూర్తికాలపు ఉన్నత విద్య కోసం ఉద్దేశించినవి. ఒక సెమిస్టర్‌కు వెళ్లే డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థికి అలాంటి ఆసరా కావాలి. ఎరాస్మస్ నెలవారీ సాయంతో పాటు వెనుకబడిన నేపథ్యం గల విద్యార్థులకు నెలకు 250 యూరోలు అదనంగా ఇస్తోంది. ఆ ఏర్పాటు లేనిచోట ఎక్స్ఛేంజ్ చదువు ఉన్నవారి పిల్లల విహారంగానే మిగిలిపోతుంది.

చేయాల్సిన పనులు

ఇలాంటి అండకు నమూనా కోసం సముద్రాలు దాటనక్కర్లేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం 1998 నుంచే ‘స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్’ నడుపుతోంది. అమెరికా తదితర దేశాల నుంచి సెమిస్టర్ చదువుకు వచ్చే విద్యార్థులకు వసతి, భాషా తరగతులు, క్రెడిట్ల బదిలీ ఒకే గొడుగు కింద చూస్తోంది. మన గడప తొక్కిన పిల్లలకు చేస్తున్న ఏర్పాటును మన గడప దాటే పిల్లలకూ చేయడం సాధ్యమే. జర్మన్, ఫ్రెంచ్, జపనీస్ వంటి భాషలు నేర్పే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) హైదరాబాద్‌లోనే ఉంది. దాని సాయంతో జిల్లా కళాశాలల విద్యార్థులకు మూడు నెలల ఆన్‌లైన్ భాషా శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాలకు తలకు మించిన భారం కాదు.

తల్లిదండ్రులకూ ఒక మాట. రోజూ గంటల తరబడి వీడియోకాల్‌లో బిడ్డను కట్టిపడేయడం ప్రేమే అయినా, కొత్తచోట కాలూనడానికి అది అడ్డు. తొలి వారాల్లో కళ్లనీళ్లు పెట్టుకుంటే వెంటనే వెనక్కి రమ్మనకండి. భోజనం మానేసినా, గది దాటకపోయినా, తరగతులు ఎగ్గొట్టినా మాత్రం ఆలస్యం చేయకుండా అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి తెలిపేలా చూడండి. విద్యార్థులు కూడా వెళ్లక ముందే ఆ ఏడాది తిరిగొచ్చిన సీనియర్‌తో ఒకసారి కూర్చోవాలి. ఏ వెబ్‌సైట్ చెప్పని సంగతులు ఆ గంటలో తెలుస్తాయి.

విదేశీ వర్సిటీతో ఒప్పందం చేసుకునే ప్రతి ఉపకులపతీ సంతకానికి ముందు అయిదు విషయాలు సరిచూసుకోవాలి. సబ్జెక్టుల సమానతను, గ్రేడ్ల మార్పిడిని రాసిన పత్రం సిద్ధంగా ఉందా? విదేశంలో గడిపిన కాలం హాజరుగా, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హంగా లెక్కకు వస్తుందా? రెండు క్యాలెండర్ల మధ్య పోయే పాఠాలకు ప్రత్యామ్నాయం ఉందా? పేదింటి విద్యార్థికి జీవనవ్యయం ఎవరు భరిస్తారు? దిగిన తొలి నెల అక్కడ ఒకరు, ఇక్కడ ఒకరు పేరు పెట్టి బాధ్యత తీసుకున్నారా? వీటికి జవాబు లేని ఒప్పందం విద్యార్థికి ఏ మేలూ చేయదు. జవాబులు సిద్ధం చేసుకున్నాకే సంతకం చేయాలి.